పాలకు మంట, పండుకు మంచు

వానలు వెనుకపట్టి, దసరా దగ్గరపడిందంటే మన వైపు సీతాపండ్ల కాలం వచ్చినట్లే. మొయినాబాదు నుండి చేవెళ్ల పోయే దారిలో, ఆ పాత మర్రిచెట్ల నీడన, గంపలలో గడ్డి పరిచి సీతాఫలాలు పేర్చుకుని అమ్మేవాళ్ళను మీరు చూసే ఉంటారు. అవి చాలావరకు తోటల పంట కాదు. గుట్టల మీద, రాళ్ళ సందుల్లో, పొలం గట్ల మీద ఎవరూ నీళ్ళు పోయకుండానే పెరిగిన చెట్ల కాయలు. ఆకుల్లో ఉండే ఒక రకమైన చేదు, ఘాటు వాసనల వలన మేకలు కూడా వాటిని పెద్దగా ముట్టవు. అందుకే బీడు భూముల్లో సైతం సీతాఫలం చెట్టు బ్రతికి బట్టకడుతుంది.

హైదరాబాదు విందులలో ఈ పండుతో చేసే ఒక తీపి వంటకానికి చాలా పేరు ఉంది. అదే సీతాఫలం మలాయి. గింజలు తీసిన గుజ్జును చల్లటి చిక్కని మీగడలో కలిపి వడ్డిస్తారు. మొజంజాహీ మార్కెట్టులోని ఐస్‌క్రీం దుకాణాలలో ఈ కాలంలో సీతాఫలం ఐస్‌క్రీం కోసం జనం బారులు తీరుతారు. అదే రుచిని ఇంట్లో ఒక గ్లాసు పాలలోకి తేగలమా? తేగలం. దానికి కావలసినవి పాలు, పండు, కాస్త మీగడ, కొంచెం మంచు. అయితే వాటితోపాటు కాస్త విజ్ఞానం కూడా కావాలి. ఎందుకంటే ఈ పానీయంలో ఒక చిక్కు ఉంది. పాలను తప్పనిసరిగా కాచాలి, పండును మాత్రం కాచకూడదు. పైగా పండులోని గింజ మంచిది కాదు. ఈ మూడు సంగతులూ తెలియకుండా చేస్తే రుచి చెడటమే కాదు, అపాయం కూడా జరగవచ్చు.

ఒక పండా? వంద పండ్లా?

ముందు పండును గురించి తెలుసుకుందాం. సీతాఫలం పేరు వినగానే ఇది రామాయణ కాలం నాటి పండేమో అనిపిస్తుంది. నిజానికి దీని పుట్టిల్లు అమెరికా ఖండంలోని ఉష్ణమండలం. మిరపకాయ, జామ, బొప్పాయి లాగానే ఇదీ సముద్రాలు దాటి వచ్చి మన నేలలో మన పండైపోయింది. శాస్త్రజ్ఞులు దీనిని ‘అనోనా స్క్వామోసా’ అంటారు. ‘స్క్వామోసా’ అంటే పొలుసులు కలది అని అర్థం. పైనున్న బుడిపెలను చూసి పెట్టిన పేరది. గుజ్జు కస్టర్డు లాగా మెత్తగా ఉంటుంది కనుక ఇంగ్లీషు వారు ‘కస్టర్డ్ ఆపిల్’ అన్నారు. అంటే పేరులోనే తీపి వంటకం ఉన్నదన్నమాట! మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పేరు మీద ప్రసిద్ధి పొందిన రకం మన రాష్ట్రానిదే. బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ తయారుచేసిన ‘అర్క సహన్’ అనే సంకర రకంలో గింజలు తక్కువ, తీపి ఎక్కువ.

పండును విప్పి చూడండి. లోపల తెల్లని తొనలు, ఒక్కొక్క తొనలో ఒక్కొక్క నల్లని గింజ. మామిడి పువ్వులో ఒకే అండాశయం ఉంటుంది కనుక ఒకే టెంక గల పండు వస్తుంది. సీతాఫలం పువ్వులో చిన్న చిన్న అండాశయాలు చాలా ఉంటాయి. అవన్నీ విడివిడిగా ఎదిగి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఒకే పండుగా కనిపిస్తాయి. దీనిని సంకలిత ఫలం అంటారు. పువ్వుకు పరాగాన్ని చేర్చేవి చిన్న చిన్న పెంకుపురుగులు. ఏ అండాశయానికి పరాగం అందకపోతే ఆ వైపు కాయ సరిగా ఎదగదు. గంపలో వంకర టింకర కాయ కనిపిస్తే, ఆ పువ్వు వద్దకు పురుగులు సరిగా రాలేదని మీరు ఊహించవచ్చు.

తింటున్నప్పుడు నాలుకకు సన్నని ఇసుక పలుకులలాంటివి తగులుతాయి. గమనించారా? అవి మట్టి కాదు. గోడలు బాగా దళసరెక్కిన కణాలు. వాటిని రాతి కణాలు అంటారు. జామపండులోనూ ఇవి ఉంటాయి. ఎంత చిలికినా ఇవి కరగవు కనుక, మన షేకు ఎంత నునుపుగా చేసినా కొంచెం పలుకు తగలడం సహజమే.

కాయ పండే తీరు

సీతాఫలం చెట్టు మీద పూర్తిగా పండేదాకా ఆగితే ఉడుతలూ పక్షులూ మనకంటే ముందే వస్తాయి. అందుచేత బుడిపెల మధ్య గీతలు వెడల్పై, అక్కడ లేత పసుపు రంగు తేలగానే కోస్తారు. ఆ గుర్తు లేని లేత కాయను ఎన్నాళ్ళు దాచినా సరిగా పండదు, గట్టిపడి నల్లబడుతుంది.

కోసిన కాయను గడ్డిలోనో బియ్యంలోనో పెడితే రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. ఎందుకు? పండబోయే కాయ నుండి ఇథిలీన్ అనే వాయువు వెలువడుతుంది. అదే పండడానికి సంకేతం. దాని ప్రభావంతో లోపలి పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, కణాలను అంటిపెట్టుకున్న పెక్టిన్ సడలి గుజ్జు మెత్తబడుతుంది. గడ్డిలో కప్పితే ఆ వాయువు ఎక్కడికీ పోకుండా కాయల చుట్టూనే ఉంటుంది. పక్కన ఒక పండిన పండును పెడితే పని ఇంకా త్వరగా అవుతుంది. కార్బైడుతో కాయలు మగ్గబెట్టడం మన దేశంలో చట్టప్రకారం నిషిద్ధం, ఆరోగ్యానికి హానికరం కూడా. గడ్డి ఉండగా కార్బైడు ఎందుకు?

ఇంకొక మాట. పండని కాయను ఫ్రిజ్‌లో పెట్టకండి. అతిచల్లదనం వలన తోలు నల్లబడుతుంది, లోపల కాయ పండనే పండదు. పండిన తరువాత మాత్రం ఒక రోజు పెట్టుకోవచ్చు.

గింజతో చెలగాటం వద్దు

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వద్దాం. సీతాఫలం గుజ్జు ఎంత మంచిదో, గింజ అంత చెడ్డది. గింజలో పురుగులను చంపగల పదార్థాలు ఉన్నాయి. పల్లెల్లో పూర్వం గింజల పొడిని పేలమందుగా తలకు పట్టించేవారు, ఇప్పటికీ కొందరు పట్టిస్తున్నారు. పేలు చస్తాయన్నది నిజమే. కాని ఆ పొడి కొంచెం కంట్లో పడితే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర ఒరిసిపోయి, తీవ్రమైన మంట, ఎరుపు, చూపు మసకబారడం జరుగుతాయి. ఇలా కళ్ళు దెబ్బతిన్నవారిని కంటి వైద్యులు మన దేశంలో ఎందరినో చూశారు. మీ ఇంట్లో గాని, పొరుగింట్లో గాని ఎవరైనా ఈ పొడి వాడబోతే, ‘అవ్వా, వద్దు’ అని మీరు చెప్పండి. ఒకవేళ కంట్లో పడితే వెంటనే పావుగంటకు తక్కువ కాకుండా శుభ్రమైన నీటితో కడిగి, ఆలస్యం చేయకుండా కంటి వైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

తింటూ తింటూ పొరపాటున ఒక గింజ మింగితే భయపడనక్కరలేదు. పైపెంకు గట్టిది కనుక అది సాధారణంగా అరగకుండానే బయటకు పోతుంది. అసలు బాధ పెంకు పగిలినప్పుడే. మిక్సీ జారులోని బ్లేడు సరిగ్గా ఆ పనే చేస్తుంది! ఒక్క గింజ మిగిలినా అది నలిగి పాలన్నిటిలో కలిసిపోతుంది. కనుక గింజలున్న గుజ్జును మిక్సీలో ఎన్నడూ వేయరాదు.

ఈ విషయంలో మన కవ్వమే మేలు. కవ్వానికి పదునైన అంచు లేదు. గుజ్జును దానితో మెల్లగా చిలికితే మెత్తటి భాగం గింజను వదిలేస్తుంది, గింజ పగలదు. ఆ తరువాత వెడల్పు కన్నాల జల్లెడలో వేసి గరిటె వెనుకభాగంతో ఒత్తితే గుజ్జు కిందికి, గింజలు పైన.

పాలకు మంట ఎందుకు?

చేవెళ్ల, మొయినాబాదు మండలాల్లో పాడి ఉన్న ఇళ్ళు చాలా. పిదికిన పాలు అప్పటికప్పుడు నురుగుతో తాగితే బలమని కొందరంటారు. కాని పచ్చిపాలలో క్షయ, బ్రూసెల్లోసిస్ వంటి రోగాలను కలిగించే బాక్టీరియా ఉండవచ్చు. జబ్బు పశువు నుండి గాని, పాత్ర నుండి గాని, చేతి నుండి గాని అవి పాలలో చేరవచ్చు. కంటికి కనిపించవు, వాసనకు తెలియవు.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ 1860ల్లో ద్రాక్షసారాయము చెడిపోవడాన్ని పరిశీలిస్తూ, కొద్దిపాటి వేడితో సూక్ష్మజీవులను అదుపు చేయవచ్చునని చూపించాడు. ఆయన పేరుతోనే పాల డెయిరీలలో ‘పాశ్చరీకరణ’ చేస్తున్నారు. పాలను 63 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 30 నిమిషాలు గాని, 72 డిగ్రీల వద్ద 15 సెకండ్లు గాని ఉంచుతారు. ఇంట్లో అంత కొలత సాధ్యం కాదు కనుక పొంగు వచ్చేదాకా కలియబెడుతూ కాయడమే సరైన పద్ధతి.

కాచిన పాలను పొయ్యి పక్కనే గోరువెచ్చగా వదిలేయకండి. వేడికి చావని కొన్ని బీజరూప బాక్టీరియా మిగలవచ్చు, గాలి నుండి, గరిటె నుండి కొత్తవి చేరవచ్చు. అనుకూలమైన వెచ్చదనంలో కొన్ని రకాలు 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపు అవుతాయి. లెక్క కట్టండి. గంటకు మూడు రెట్టింపులు, ఆరు గంటలకు పద్దెనిమిది. ఒక్క బాక్టీరియంతో మొదలై ఆరు గంటలకు 2,62,144 అవుతాయి! అందుకే కాచిన గిన్నెను చల్లని నీటి పళ్ళెంలో పెట్టి, త్వరగా చల్లార్చి, ఫ్రిజ్‌లో 5 డిగ్రీలకు లోపల ఉంచాలి.

పండుకు మంట ఎందుకు కూడదు?

పాయసంలో ద్రాక్ష వేసినట్లు సీతాఫలం గుజ్జును మరిగే పాలలో వేస్తే ఏమవుతుంది? తీపి పోయి చేదు పుడుతుంది. వేడి తగిలితే ఈ గుజ్జులో చేదు రుచి ఏర్పడుతుంది. మామిడిరసం డబ్బాలు, జామ్ సీసాలు దుకాణాల నిండా ఉండగా సీతాఫలం జామ్ మనకు సాధారణంగా కనిపించకపోవడానికి ఇదొక కారణం. ఐస్‌క్రీం వారికి, మలాయి వారికి ఈ బాధ లేదు. వారు గుజ్జును వేడి చేయకుండా చల్లదనంలోనే కాపాడుకుంటారు.

ఇదే మన షేకులోని కిటుకు. పాలు నిప్పు మీదుగా రావాలి, పండు నిప్పు చూడకుండా రావాలి. ఇద్దరూ కలుసుకోవలసిన చోటు చల్లదనం.

అన్ని పండ్లూ పాలతో కలుస్తాయా?

పాలలో పుల్లని పండు కలపరాదని పెద్దలు అంటారు. ఆ మాటలో ఎంత నిజమున్నదో ఒక ప్రయోగం చేసి చూద్దాం. నాలుగు చిన్న గ్లాసులలో మూడేసి చెంచాల చొప్పున కాచి చల్లార్చిన పాలు పోయండి. మొదటిదానిలో అర చెంచా నిమ్మరసం, రెండవదానిలో పచ్చి అనాసపండు రసం, మూడవదానిలో అరటిపండు గుజ్జు, నాల్గవదానిలో సీతాఫలం గుజ్జు వేసి కలిపి పది నిమిషాలు ఆగండి.

నిమ్మరసం వేసిన పాలు వెంటనే విరుగుతాయి. పాలలోని మాంసకృత్తులలో సుమారు 80 శాతం కేసిన్. ఇది సన్నని ఉండలుగా పాలలో తేలుతూ ఉంటుంది. ఆ ఉండల మీద ఋణ విద్యుదావేశం ఉండడం వలన అవి ఒకదానినొకటి దూరంగా నెట్టుకుంటాయి. ఆమ్లం చేరితే ఆ ఆవేశం తగ్గిపోతుంది, నెట్టుడు ఆగిపోతుంది, ఉండలు ముద్దకడతాయి. తాజా పాల పి.హెచ్. విలువ సుమారు 6.6. అది 4.6 దగ్గరకు దిగేసరికి కేసిన్ విరిగిపోతుంది. పెరుగు తోడుకోవడంలోనూ జరిగేది ఇదే. అక్కడ ఆమ్లాన్ని బాక్టీరియా తయారుచేస్తాయి, అంతే.

అనాసలో పులుపుతో పాటు బ్రొమెలైన్ అనే ఎంజైము ఉంది. అది మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది. అందువలన ఆ పాలు విరగడమే కాక, ఉంచినకొద్దీ చేదెక్కుతాయి. పచ్చి బొప్పాయిలోని పపైన్ కూడా ఈ జాతిదే. అరటిలో, సీతాఫలంలో పులుపు చాలా తక్కువ. కనుక ఆ రెండు గ్లాసుల పాలు విరగవు. పెద్దల మాట పుల్లని పండ్ల విషయంలో నిజమని తేలింది కదా! విరిగినంత మాత్రాన పాలు విషం కావు. మన పన్నీరు విరిగిన పాలే. కాని షేకుకు కావలసిన నునుపు మాత్రం పోతుంది. ప్రయోగం చేసిన గ్లాసులను తాగకుండా కడిగివేయండి.

మంచు ఎంత కావాలి?

షేకును చల్లబరచాలని గ్లాసులో మంచుముక్కలు వేయడం అందరికీ అలవాటు. దాని ఖరీదు ఎంతో లెక్క వేద్దాం. 200 గ్రాముల పాలు 30 డిగ్రీల వద్ద ఉన్నాయనుకోండి. 5 డిగ్రీలకు దించాలి. పాల విశిష్టోష్ణం నీటిదానికి దగ్గరగా ఉంటుంది కనుక, తీసివేయవలసిన ఉష్ణం సుమారు 200 × 25 = 5,000 కేలరీలు. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు, ఆ నీరు 5 డిగ్రీలకు రావడానికి మరి 5 కేలరీలు తీసుకుంటుంది. 5,000ను 85తో భాగిస్తే దాదాపు 60 గ్రాములు. అంటే గ్లాసు పాలలో నాలుగు టేబుల్ చెంచాల నీళ్ళు కలిపినట్లే! రుచి పలచబడక ఏమవుతుంది?

కాబట్టి మంచు గ్లాసు లోపల కాదు, బయట ఉండాలి. పెద్ద గిన్నెలో మంచు వేసి, గుప్పెడు ఉప్పు చల్లి, మధ్యలో పాలగిన్నె పెట్టండి. ఉప్పు కలిసిన మంచు సున్నా డిగ్రీలకంటే ఇంకా కిందికి దిగుతుంది. ఐస్‌క్రీం చేతియంత్రాలలో వాడే ఉపాయం ఇదే. ఉప్పునీరు పాలలో పడకుండా చూసుకోండి. బజారులో దొరికే మంచుగడ్డ తాగే నీటితో చేసినదని చెప్పలేము. చల్లదనం బాక్టీరియాను నిద్రపుచ్చుతుంది గాని చంపదు. ఇది కూడా మంచును బయట ఉంచడానికి మరో కారణం.

చేసే విధానం

నలుగురికి కావలసినవి: పాలు అరలీటరు, బాగా పండిన మధ్యరకం సీతాఫలాలు మూడు, మీగడ రెండు టేబుల్ చెంచాలు, ఒక ఏలకి పొడి, నానబెట్టి తరిగిన బాదం పప్పులు నాలుగైదు.

1. పెద్దవారి సాయంతో పాలను పొంగు వచ్చేదాకా కాచి, ఇంకొక ఐదు నిమిషాలు సన్నని మంట మీద చిక్కబరచండి. చల్లార్చి, మంచుగిన్నెలోనో ఫ్రిజ్‌లోనో పెట్టండి.

2. చేతులు సబ్బుతో కడుక్కొని, పండ్లను కూడా కడిగి విప్పండి. తోలుకు అంటుకున్న బిరుసు పొరను వదిలి, తొనలను చెంచాతో గిన్నెలోకి తీయండి.

3. కవ్వంతో మెల్లగా చిలికి, జల్లెడలో ఒత్తండి. జల్లెడలో మిగిలిన గింజల్లో పగిలినది ఏదైనా ఉందేమో చూడండి. గుజ్జును చెంచాతో ఒకసారి పరచి వెదకండి. ఈ పని తొందరగా ముగించేది కాదు.

4. బాగా చల్లబడిన పాలలో గుజ్జు, ఏలకి పొడి వేసి కవ్వంతో నురుగు వచ్చేదాకా చిలకండి. నురుగంటే గాలిబుడగలే. పాలలోని మాంసకృత్తులు బుడగల చుట్టూ పొరగా ఏర్పడి వాటిని నిలబెడతాయి.

5. మీగడను చివరలో వేసి నాలుగుసార్లు మాత్రమే తిప్పండి. ఎక్కువ చిలికితే కొవ్వు బిందువులు ఒకదానికొకటి అతుక్కుని వెన్న తేలుతుంది! మీగడ ఊరికే వేయడం లేదు. పండు వాసనకు కారణమైన పదార్థాలు చాలావరకు కొవ్వులో కరుగుతాయి. అందుకే మలాయిలో ఆ సువాసన నాలుక మీద నిలుస్తుంది.

6. చక్కెర ఇప్పుడే వేయకండి. ముందు రుచి చూడండి. 100 గ్రాముల సీతాఫలం గుజ్జులో సుమారు 20 గ్రాముల చక్కెరలు, 100 కిలో కేలరీల శక్తి ఉంటాయి. చల్లని పదార్థంలో నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది కనుక, చల్లగా ఉన్నప్పుడు చాలనిపించిన తీపి నిజంగా చాలినంత కంటే ఎక్కువే. మధుమేహం ఉన్న తాతయ్యకో నానమ్మకో ఇచ్చేముందు వైద్యుని సలహా అడగండి.

వెంటనే తాగాలి

షేకును పోసి గంటసేపు మరచిపోతే రంగు మారడం చూస్తారు. గుజ్జు కణాలు తెగినప్పుడు అందులోని ఫీనోలు పదార్థాలు, ఒక ఎంజైము, గాలిలోని ఆక్సిజన్ కలుసుకుంటాయి. గోధుమ రంగు పుడుతుంది. వంకాయ కోస్తే నల్లబడేది ఈ కారణంచేతనే. వంకాయకైతే నీళ్ళలో వేసి గాలి తగలకుండా చేస్తాము. పండ్ల ముక్కలకైతే నిమ్మరసం పూస్తాము. ఇక్కడ నిమ్మరసం పిండితే ఏమవుతుందో మీకు తెలుసు, పాలు విరుగుతాయి! వేడి చేసి ఎంజైమును చంపుదామంటే గుజ్జు చేదెక్కుతుంది. రెండు దారులూ మూసుకుపోయాయి. మిగిలినవి చల్లదనం, వేగం మాత్రమే. చేసిన వెంటనే తాగడం రుచికీ మంచిది, ఆరోగ్యానికీ మంచిది.

కొందరికి పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది. పాలలోని లాక్టోజు అనే చక్కెరను అరిగించే ఎంజైము వారిలో తక్కువ. అటువంటి వారు పాలకు బదులు తియ్యని పెరుగును పలుచగా చిలికి, అందులో గుజ్జు కలుపుకోవచ్చు. తోడుపెట్టిన బాక్టీరియా లాక్టోజును కొంతవరకు ముందే తినేసి ఉంటాయి.

గింజలను ఏం చేయాలి? పెరట్లో పోయకుండా లెక్కపెట్టి, ఎండబెట్టి, చిన్నపిల్లలకు అందని చోట పెట్టండి. వచ్చే వానాకాలంలో గుట్ట అంచునో పొలం గట్టునో నాటండి. అన్నీ మొలవవు. నాటిన గింజలెన్ని, మొలిచినవెన్ని, ఎన్ని రోజులకు మొలిచాయి అన్నది నోటుబుక్కులో వ్రాసుకోండి. చివరగా మీకు రెండు ప్రశ్నలు. మామిడిపండుతో షేకు చేసేటప్పుడు, పండు కాస్త పుల్లనిదైతే పాలు ఎందుకు సన్నగా విరుగుతాయి? పాలను కాచి చల్లార్చకుండా గోరువెచ్చగానే గుజ్జు కలిపితే ఏమేమి తేడాలు రావచ్చు? జవాబులు ఈ వ్యాసంలోనే ఉన్నాయి. వెదికి, సరిచూసుకుని, మీ తరగతిలో మిగతావారికి చెప్పండి.